నాలా దాటిన పొగ

నా పెద్దబిడ్డ ఆషాఢంలో ఒక గురువారం పొద్దున పెద్దాసుపత్రిలో పోయింది. ఆ సమయానికి నేను ఆమె దగ్గర లేను. జావ కాచి తీసుకుపోదామని ఇంటికి వచ్చాను. స్టవ్ మీద జావ ఉడుకుతుండగా గల్లీ మొదట్లో ఫోను బూత్ నడిపే అతను వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడు ఫోనొచ్చినా గల్లీలోంచే పేరు పెట్టి అరిచే మనిషి. ఆ రోజు చెప్పులు విడిచాడు. చెప్పులు విడవడం చూడగానే నాకు తెలిసిపోయింది.

"అక్కా, దవాఖాన నుంచి ఫోనొచ్చింది."

"ఎవలు మాట్లాడిన్రు? మీ బావనా?"

"బావనే. నిన్ను జల్ది రమ్మన్నడు."

"ఉన్నదా?" అని అడిగాను.

అతను తల దించుకున్నాడు. నేను స్టవ్ ఆర్పి, గిన్నె దించి, దాని మీద మూత పెట్టాను. మసి పడకుండా ప్రతి గిన్నె మీద మూత పెట్టడం మా ఇంట్లో అలవాటు. ఎవరు తాగుతారని ఆ జావ మీద మూత పెట్టానో నాకు ఇప్పటికీ తెలియదు.

మన తెలుగు నేతగాళ్ల సంఘం పుస్తకంలో బిడ్డ గురించి రాయమని పెద్దలు అడిగారు. నేను ఊళ్లో నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. పెళ్ళయి మహారాష్ట్రలో ఈ భివండీకి వచ్చాక కండెలు చుట్టడం, వంట చేయడం తప్ప కలం పట్టింది లేదు. ఏడుస్తూ రాస్తున్నానని మీరు అనుకోవచ్చు. ఏడుపు రావడం లేదు. చేతికి తిమ్మిరి పట్టినప్పుడు గిల్లినా తెలియదు చూడండి, అట్లా ఉంది. అందుకే జ్ఞాపకం వచ్చింది వచ్చినట్టు రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆమె బాల్వాడి బాయిగా తెలుసు. కామత్‌ఘర్‌లో వరస గదులుండే మా చాళీ చివరి ఖోలీలోనే ఆ చిన్నపిల్లల బడి నడిచేది. మన పిల్లలు, మరాఠీ పిల్లలు, ముస్లిముల పిల్లలు అందరూ వచ్చేవారు. అందరూ ఆమెను మరాఠీ బడుల్లో పంతులమ్మను పిలిచినట్టు బాయీ అనే పిలిచేవారు. పెళ్ళి మాట ఎత్తితే, "నలభై మంది పిల్లలున్నరు, ఇంకెంతమంది కావాలె నీకు మనుమలు?" అని నా నోరు మూయించేది.

పొద్దున లేవగానే ముఖం కూడా కడగకుండా బయటికి వచ్చి మా వెనక ఉన్న సైజింగ్ కార్ఖానా చిమ్నీ వైపు చూసేది. పొగ ఎటు వంగిందో చూసుకుని, "ఇయ్యాల మన దిక్కే" అనేది. ఆ రోజు పిల్లలను బయట కూర్చోబెట్టేది కాదు. పిల్లలు రాగానే వరసగా ముక్కులు తుడిచేది. తుడిచిన గుడ్డను నాకు చూపించేది. నల్లగా ఉండేది. నాలుగేళ్ల పిల్లల ముక్కులోంచి నలుపు రావడమేమిటని నేను అడగలేదు. మా అందరి ముక్కుల్లోంచీ వచ్చేదే కదా అనుకున్నాను.

ఆమెకు చిన్నప్పటి నుంచి దమ్ము, ఊపిరాడని ఆయాసం, ఉండేది. మాట మధ్యలో దగ్గు వస్తే ఒక వేలు ఎత్తి ఎదుటివాళ్లను ఆగమనేది. దగ్గు అంతా అయ్యాక ఏ మాట దగ్గర ఆగిందో సరిగ్గా ఆ మాట దగ్గరే అందుకునేది. అందువల్ల ఆమె మాట మధ్యలో ఎవరూ వేరే మాట ఎత్తేవారు కాదు. మర్యాద కొద్దీ కాదు, ఆమె వదలదని తెలుసు గనుక.

మగ్గాల పని తెలియనివాళ్లు ఈ పుస్తకం చదివితే అర్థం కావాలని చెబుతున్నాను. నూలుకు గంజి పట్టించి, ఆరబెట్టి, మగ్గానికి ఎక్కించే బీము అనే పెద్ద రోలరుకు చుట్టే చోటును సైజింగ్ అంటారు. అక్కడ బాయిలర్ ఉంటుంది. పూర్వం కట్టెలు కాల్చేవారు. ఆ తర్వాత చిందీలు, అంటే పనికిరాని గుడ్డపీలికలు, ప్లాస్టిక్ సంచులు, చెప్పుల అడుగులు కత్తిరించగా మిగిలిన ముక్కలు కాల్చడం మొదలుపెట్టారు. ఆ కంపు మీకు చెప్పక్కర్లేదు. నార్పోలిలో, నిజాంపురాలో ఉండేవాళ్లకూ ఆ కంపు తెలుసు.

ఆ బాయిలర్ దగ్గర పనిచేసేది మా గల్లీ మనిషే. నా బిడ్డకు మామ వరుస. ఒకరోజు మా ఇంట్లో చాయ తాగుతూ నవ్వుకుంటూ అన్నాడు:

"మా సేఠ్ తెలివి చూడాలె చెల్లే. గాలి ఆయన బిల్డింగు దిక్కు కొట్టిన నాడు కట్టె పెట్టుమంటడు. మన దిక్కు కొట్టిన నాడు ఏదుంటే గది ఏసుమంటడు."

నేనూ నవ్వాను. నా బిడ్డ చేతిలో కప్పు కింద పెట్టింది.

"నువ్వు ఏస్తవా మామా?"

"నౌకరీ బిడ్డా. ఏయకుంటే ఎట్ల?"

"మా బాల్వాడిల నీ మనుమరాలు గూడ ఉన్నది."

అతను చాయ సగంలో వదిలి లేచిపోయాడు. నేను ఆమెను తిట్టాను. ఇంటికొచ్చిన మనిషితో అట్లా మాట్లాడతారా అన్నాను. "నేనేం తప్పన్న? ఉన్నదే అన్న గద" అంది. ఆ సాయంత్రమే కాగితం మీద అర్జీ రాసి గల్లీలో ఇరవై రెండు ఇళ్ళు తిరిగింది.

మా ఆయన సంతకం పెట్టలేదు. "సైజింగోళ్లతోని లడాయి పెట్టుకుంటే మనకు బీములొస్తయా? బీము రాకుంటే మగ్గమెట్ల నడుస్తది?" అన్నాడు. ఆ మాట నిజమే. పొగ పెట్టేది ఆ సైజింగే, మా పొయ్యి వెలిగేదీ ఆ సైజింగ్ బీములతోనే. చాలామంది ఆడవాళ్లు మగవాళ్లకు చెప్పకుండా వేలిముద్ర వేశారు.

అర్జీ పోయిన చాలా రోజులకు పొగ సంగతి చూసే సర్కారు ఆఫీసు నుంచి సాహెబు వచ్చాడు. వచ్చింది శుక్రవారం. భివండీలో శుక్రవారం మగ్గాలు బంద్, సైజింగ్ కూడా బంద్ అని తెలియనిది ఆ సాహెబుకే. గల్లీ నడుమ నిలబడి ఆకాశం చూశాడు. ఒక్క పొగ పోగు లేదు. "కుఠే ఆహే ధూర్, బాయీ?" అన్నాడు. పొగ ఎక్కడుందమ్మా అని. నా బిడ్డ అతని వెంట రోడ్డు దాకా నడుస్తూ, రేపు రండి సాబ్, ఒక్కరోజు ఆగి రండి సాబ్ అంటూనే ఉంది. ఆటో ఎక్కి పోయాడు. ఆ వారం అంతా గల్లీలో ఆమెను చూసి, "ఏడున్నదే బాయీ పొగ?" అని ఎక్కిరించారు.

ఆమెకు కోపం రాలేదు. రెండు రోజులు ఆలోచించి, "పొగ సాబు వచ్చేదాక ఆగదు. ఆగేది గుడ్డ" అంది. వాళ్ల నాన్న పనిచేసే కార్ఖానా నుంచి గుడ్డ తాన్ల చివర కత్తిరించే ముక్కలు తెచ్చింది. రంగు, చలువ ఏదీ లేని కోర గుడ్డ. జానెడు జానెడు చతురస్రాలు కత్తిరించి, ఒక్కోదాని మూలన ఎర్రదారంతో ఖోలీ నంబరు కుట్టి, ఇంటికొకటి ఇచ్చింది. ఎనిమిది రోజులు ఇంటి కప్పు అంచుకు కట్టి ఉంచమంది, తర్వాత సాబుకు చూపిద్దామంది. సేఠ్ బిల్డింగులో గిన్నెలు తోమే మన ఆమెకు కూడా ఒకటి ఇచ్చి అక్కడి బాల్కనీలో కట్టమంది.

తొమ్మిదో రోజు పొద్దున గుడ్డలన్నీ బాల్వాడికి చేరాయి. నా బిడ్డ ఒకటి విప్పింది. తెల్లగా ఉంది. ఇంకొకటి విప్పింది. అదీ తెల్లగానే ఉంది. కొన్నిటికి గంజి పెట్టి, మడత పెట్టి, పైన ఇస్త్రీ కూడా చేసి తెచ్చారు. నేనైతే నీలిమందు వేసి ఉతికాను. బిల్డింగు నుంచి వచ్చినది ఒక్కటే ఉతకనిది. మావన్నీ దానికంటే తెల్లగా ఉన్నాయి.

"ఎందుకు ఉతికిన్రే?" అని అడిగింది.

"గవుర్మెంటాయన చేతికి మురికి గుడ్డ ఇస్తమా?" అంది పక్కింటి వదిన. "మా ఖోలీ నంబరు కుట్టినవ్ గదనే దాని మీద! ఈ ఇంటి ఆడది పాచిది అనుకోడా?"

"నువ్వు గూడనా అమ్మా?"

గుడ్డ నేసే ఇంట్లో పుట్టి, గుడ్డ నేసే ఇంటికి వచ్చాను. నల్లబడిన గుడ్డను నా ఇంటి పేరుతో బయటికి పంపాలని నాకు తోచనే లేదు. ఆమె చెప్పింది విన్నాను, సరే అన్నాను, ఎనిమిదో రోజు చేయి తనంతట అదే బకెట్ అందుకుంది.

నా బిడ్డ గుడ్డల నడుమ కింద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గయింది. వేలు ఎత్తి ఆగమంది. అందరం ఆగాం. దగ్గు అయ్యాక, "ఎనిమిది రోజుల పొగను సబ్బు పెట్టి ఉతికి ఆరేసిన్రు గదనే, మీకు దండం" అంది. ఆ మాటకు ఆడవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా బిడ్డను తలచుకుంటే ముందు నాకు ఆ నవ్వే కనిపిస్తుంది, ఆసుపత్రి మంచం కాదు.

రెండోసారి ఇంటికి రెండేసి గుడ్డలు ఇచ్చింది. "ఒకటి మీ ఇష్టమున్నట్టు ఉతుక్కోండ్రి. ఇంకోదాన్ని నా కోసం ఇడిసిపెట్టుండ్రి" అంది. మమ్మల్ని మారమనలేదు, చూడండి. మా పద్ధతి మాకు ఉంచి, తనకు కావలసింది అడిగింది. పిల్లలతో కూడా అట్లాగే ఉండేది.

ఈసారి గుడ్డలు సరిగ్గా వచ్చాయి. వాటిని జోడు జోడుగా పాత దుప్పటి మీద నేను కుట్టాను. తెల్లది ఒకటి, పక్కన నల్లది ఒకటి. చివర బిల్డింగు జోడు. అందులో రెండూ తెల్లవే.

సంగతి సేఠ్ చెవిన పడింది. మా గల్లీ మగవాళ్లు నడిపే మగ్గాలకు బీములు ఆగిపోయాయి. మా ఆయన పదకొండు రోజులు ఇంట్లో కూర్చున్నాడు. బిడ్డతో మాట్లాడలేదు. ఆఫీసుకు పోయే రోజు పొద్దున దుప్పటి మడత పెట్టి, తాడుతో కట్టి, భుజాన వేసుకున్నాడు.

"యాడికి?" అని అడిగాను.

"ఖాళీగున్న గద. మోసుక పోతా."

అంతే అన్నాడు. నా బిడ్డ వాళ్ల నాన్న వెనక నడుస్తూ నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేసి చూసింది. చిన్నప్పుడు జాతరలో బొమ్మ కొనిస్తే అట్లా చూసేది.

ఆఫీసు కటకటాలకు దుప్పటి కట్టి, మేము ముప్పై మంది ఆడవాళ్లం కింద కూర్చున్నాం. మొదట వచ్చిన ఆ సాహెబే బయటికి వచ్చాడు. గుడ్డలు చూసి, మీరే మసి పూశారేమో నాకేం తెలుసు అన్నాడు. నా బిడ్డ ఇంకో కొత్త గుడ్డ తీసి అతని చేతికి ఇచ్చింది. "మీరే మా బాల్వాడి మీద కట్టండి సాబ్. మీరే వచ్చి విప్పుకోండి. శుక్రవారం తప్ప ఎప్పుడైనా రండి" అని మరాఠీలో అంది. కటకటాల లోపల కూర్చున్న గుమాస్తాలు కూడా నవ్వారు. సాహెబు నవ్వలేదు గాని గుడ్డ తీసుకున్నాడు. వచ్చి కట్టిపోయాడు, చెప్పిన రోజున వచ్చి విప్పుకుపోయాడు.

ఎండాకాలం రాకముందే సైజింగ్‌కు చిమ్నీ ఎత్తు పెంచమని కాగితం వచ్చింది. పాత చిమ్నీ మీద పెద్ద ఇనుప గొట్టం నిలబెట్టారు. బీములు మళ్ళీ వచ్చాయి. పొగ మా తలల మీది నుంచి పోవడం మొదలైంది. గల్లీలో పూరీలు, షీరా చేసుకున్నాం. ఎక్కిరించినవాళ్లే ఆమెకు ముందు తినిపించారు.

ఆమె పళ్ళెం పట్టుకుని మిద్దె మీదికి పోయింది. చాలాసేపు దిగలేదు. నేను పైకి పోయి చూస్తే, పొగ ఎటు వంగిందో చూస్తూ నిలబడి ఉంది. పొగ మా గల్లీ దాటి, నాలా దాటి, అవతల కొత్తగా వేసుకున్న గుడిసెల మీద దిగుతోంది. ఉత్తరాది నుంచి వచ్చి తాన్లు మోసే పని, మడత పెట్టే పని చేసేవాళ్లు అక్కడుంటారు.

కిందికి వచ్చి బాయిలర్ మామను అడిగింది, "ఇప్పుడు ఏం కాలుస్తున్నరు మామా?"

"గవ్వే బిడ్డా. గొట్టమే పెరిగింది."

మరునాటి నుంచి సాయంత్రం బాల్వాడి కాగానే నాలా దాటి పోయేది. అక్కడి ఆడవాళ్లకు గుడ్డలు పంచుతోందని తెలిసి నాకు ఒళ్ళు మండింది. ఇక్కడే నేను మీకు ఒక మాట ఒప్పుకోవాలి.

"మన గల్లీల పొగ పోయింది గదనే," అన్నాను. "ఇగ నీకెందుకు? వాళ్లెవలో, మనమెవలమో. మళ్ళ బీములు బంద్ చేస్తే మీ నాయినను ఇంట్ల కూసోబెడ్తవా?"

"పోలేదమ్మా. నాలా దాటింది, గంతే."

"దాటితే దాటనీ. నువ్వు పీల్చిన పొగ చాలదా?"

"వాళ్ల పిల్లలు పీల్చేది గూడ అదే గదా" అని, అక్కడి గుడ్డలు జోడు జోడుగా నా ముందు పెట్టింది. "కుట్టియ్యవా? నీ కుట్టు సాఫుగుంటది."

నా కళ్ళు కనబడటం లేదని చెప్పాను. నా కళ్ళకు ఏమీ కాలేదు. ఆమెకు తెలుసు. గుడ్డలు తీసుకుని తానే కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు ఆమెకు ఎప్పుడూ రాదు. పెద్ద పెద్ద వంకర కుట్లు వేసేది. నేను పక్కనే కూర్చుని కండెలు చుట్టుకుంటూ ఆ వంకర కుట్లు చూసేదాన్ని. చేయి చాచలేదు.

తొలి వానలకు దమ్ము ఎక్కువయింది. ఇంతకుముందు వచ్చినట్టే వచ్చి తగ్గుతుందనుకున్నాం. ఈసారి తగ్గలేదు. పొగ వల్లే పోయిందని నేను రాయను. డాక్టరు కాగితంలో అట్లా రాయలేదు. తెలియనిది రాయడం ఆమెకు నచ్చేది కాదు. ఆసుపత్రిలో మాస్కు పెట్టారు గనుక మాట్లాడటానికి లేదు. ఒకసారి మాస్కు జరిపి, "వాళ్లది సగమే అయింది" అంది. నేను, "ముందు నువ్వు లేవు బిడ్డా, తర్వాత చూద్దాం" అన్నాను. నేను కుట్టి ఇస్తానని అని ఉండవచ్చు. ఒక్క మాట. అనలేదు.

పదకొండో రోజుకు మన సంఘంవాళ్లు వచ్చారు, బాల్వాడి పిల్లల తల్లులు వచ్చారు. సాహెబు రాలేదు గాని మనిషిని పంపాడు. బాయిలర్ మామ గోడకు ఆనుకుని కూర్చుని, అన్నం ముట్టకుండా లేచిపోయాడు. అందరూ మంచి మాటలే చెప్పారు. మీ అందరి రుణం నాకుంది. అప్పుడు నేను ఎవరికీ ఒక్క మాటా చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

వానలు పోయాక ఒకనాడు మిగిలిన సగం నేను కుట్టాను. ఆమె కుట్లు విప్పలేదు, వంకరవి వంకరగానే ఉంచాను. బతుకమ్మ పండుగ ముందు దుప్పటి చంకన పెట్టుకుని మొదటిసారి నాలా దాటాను. ఇన్నేళ్లలో ఆ చెక్క వంతెన ఎక్కింది లేదు.

మొదటి గుడిసె ముందు ఒకామె రొట్టెలు చేస్తోంది. దుప్పటి చూసి గుర్తుపట్టింది.

"బాయీ కీ మా హో?" అని అడిగింది. బాయి తల్లివా అని. అవునన్నాను. "బాయీ కబ్ ఆయేగీ? బారిష్ కే పహలే సే నహీ ఆయీ." ఎప్పుడొస్తుంది, వానల ముందు నుంచీ రాలేదు అని.

నాలా నాలుగు అంగల వెడల్పు కూడా ఉండదు. మూడు నెలలైనా వార్త అటు దాటలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది.

"నహీ ఆయేగీ. గుజర్ గయీ." రాదు, పోయింది అని.

ఆమె చేతిలో రొట్టె అట్లాగే ఆగింది. తర్వాత దాన్ని పెనం మీద వేసి, మాడకుండా తిప్పి, తీసి, అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే నేను పక్కన కూర్చున్నాను. చుట్టుపక్కల గుడిసెల నుంచి ఇంకో నలుగురు వచ్చారు. వాళ్ల భాష నాకు సగమే వస్తుంది. మంగళవారం అందరం ఆఫీసుకు పోవాలని అనుకున్నాం. "మై భీ ఆతీ", నేనూ వస్తానని అన్నాను. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. ఈ పుస్తకంలో చదువుకుంటాడు.

లేవబోతుంటే ఆమె ఆపి గుడిసె రేకు గోడ చూపించింది. రేకు అంతా మసి పట్టి నల్లగా ఉంది. దాని మీద వేలితో గీసిన చేప ఉంది. మసి పోయిన చోట రేకు మెరుస్తోంది. పిల్లలకు చూపించడానికి బాయి గీసిందట. రోజూ పొద్దున మసి కప్పేస్తే, ఆ ఇంటి చిన్నపిల్ల అదే గీత మీద మళ్ళీ వేలు పెట్టి దిద్దుతుందట. దిద్ది దిద్ది గీత లావయింది. ఆ రోజు కూడా దిద్దిందట. నేను మళ్ళీ కూర్చుని దాన్నే చూశాను. తోక, రెక్కలు బాగానే ఉన్నాయి. నేను అక్కడ కూర్చున్నంతసేపట్లోనే చేప కన్ను మసితో పూడిపోయింది.